పులికాట్ రోడ్డుకు ఏ పక్కన ఫోటో తీయాలి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును దాదాపు పడమర నుంచి తూర్పుకు దాటుతుంది. ఫ్లెమింగోల ఫోటోలకు వెళ్లేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే, లెన్సు సంగతి తర్వాత. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అందుకని పొద్దున ఉత్తరం వైపు చూస్తే ఎండ మన వెనక నుంచి పక్షి మీద పడుతుంది, ఈకలూ కన్నూ విడివిడిగా కనిపిస్తాయి. దక్షిణం వైపు ఎండ ఎదురు కొడుతుంది, పక్షి నల్లటి ఆకారంగా మిగులుతుంది. మొదటిది పక్షి ఫోటో, రెండోది ఆ పొద్దు ఫోటో. ఏది కావాలో బండి ఆపకముందే తేల్చుకోవాలి.

ఉత్తరం వైపుకైతే 400 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/8 (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె). ఇంకా తెరిస్తే గుంపులో ముందు వరస ఒక్కటే స్పష్టంగా వస్తుంది. మేస్తున్న పక్షికి షట్టర్ వేగం 1/800 సెకను చాలు, నీళ్ల మీద పరుగెత్తి ఎగిరేదానికి 1/2000 కావాలి. తెల్లటి ఈకలతోనే చిక్కు. చుట్టూ నీళ్లు ముదురుగా ఉంటే కెమెరా వెలుగు పెంచేసి ఈకల్ని సున్నపు ముద్ద చేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) 0.7 స్టాప్ తగ్గించాలి; ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది. నీళ్లు తళతళలాడుతుంటే ఫోటో చీకటిగా వస్తుంది, అప్పుడు అంతే పెంచాలి. స్క్రీన్‌ని కాదు, హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌ని) నమ్మండి.

రెక్కల్లోని ఎరుపూ నలుపూ బాగా బయటపడేది రెక్క విప్పినప్పుడే. దానికోసం గుంపును లేపనక్కర్లేదు. ఈకలు సవరించుకుంటున్న పక్షి మీద కెమెరా నిలిపి ఉంచితే, కాసేపటికి అదే ఒళ్లు విరుచుకుంటూ రెక్క చాస్తుంది. చప్పట్లు కొట్టి ఎగరగొట్టిన ఫోటో చూడగానే తెలిసిపోతుంది, అన్నీ తోకలే. తలలన్నీ ఒక్కసారి పైకి లేచి, గుంపు దగ్గరపడి నడవడం మొదలెట్టిందంటే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం. వెనక్కి తగ్గాలి. వాటంతట అవి ఎగిరేటప్పుడు గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి ఆ దిక్కున ఫ్రేములో ఖాళీ వదలండి.

కారు దిగకపోవడమే మేలు. మనిషి ఆకారం కంటే కారును పక్షులు ఎక్కువ సహిస్తాయి. గుడ్డ సంచిలో కిలోన్నర పెసలు పోసి కిటికీ మీద పెడితే లెన్సు కదలదు. ఇంజను మాత్రం ఆపాలి, లేకపోతే ఆ అదురు ఫోటోలోకి వస్తుంది.

దక్షిణం వైపు సూర్యోదయానికి ముందే సిద్ధంగా ఉండాలి. ఆకాశాన్ని బట్టి వెలుగు కొలిచి ఒక స్టాప్ తగ్గించండి. మెడలు ఒకదానిమీద ఒకటి పడితే ఏ పక్షిదేదో తెలియదు, రెండు మెడల మధ్య సందు కనిపించేదాకా ఆగాలి. ఫోనుతోనూ ఇది బాగానే వస్తుంది.

ఎండ ముదిరాక బురద నేల మీద గాలి అలలాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సైనా దూరపు పక్షిని మెత్తగానే ఇస్తుంది, కెమెరా సర్దేయవచ్చు. పక్కనే రాకెట్ కేంద్రం ఉంది, డ్రోన్ ఊసెత్తకండి.

ఇంటికొచ్చాక గులాబీ రంగు పెంచాలని చెయ్యి లాగుతుంది. ఫ్లెమింగో పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, తిండిలోని రంగు ఒంటబట్టి గులాబీ కావడానికి ఏళ్లు పడుతుంది. ఫోటో మొత్తానికి సాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే పెద్దవాటి పక్కన నిలబడ్డ ఆ బూడిద పిల్ల రంగు కూడా మారిపోవచ్చు.