లిటరేచర్ రివ్యూకు నోట్స్ రాసుకోవడం ఎలా?

పీజీ డిసర్టేషన్‌లోనైనా, పీహెచ్‌డీ సినాప్సిస్‌లోనైనా గైడ్ చేతిలో ఎక్కువ ఎర్రగీతలు పడేది లిటరేచర్ రివ్యూకే, అంటే ఆ అంశం మీద అంతకు ముందు వచ్చిన పరిశోధనల సమీక్షకే. ఆ అధ్యాయం రాసేటప్పుడు చెడదు. అంతకు ముందే, నోట్స్ దగ్గరే చెడుతుంది. పీడీఎఫ్‌లోంచి పేరాలు కాపీ చేసి వర్డ్ ఫైలులో అతికించుకుంటారు. మూడు నెలల తర్వాత ఆ ఫైలు తెరిస్తే ఏ వాక్యం పేపర్‌లోదో, ఏది తమదో తేల్చుకోలేరు.

కావలసినవి: 200 పేజీల రూళ్ల నోటుబుక్ ఒకటి, నలుపు పెన్ను, ఎరుపు పెన్ను, కంప్యూటర్‌లో జొటెరో (పేపర్లను, వాటి వివరాలను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్). ఇది ఉచితం. ఆన్‌లైన్ నిల్వకే 300 ఎంబీ పరిమితి, సొంత ల్యాప్‌టాప్‌లో ఎన్ని పీడీఎఫ్‌లైనా దాచుకోవచ్చు. హైలైటర్ కొనవద్దు. రంగు పూస్తుంటే చదివినట్టే అనిపిస్తుంది గానీ మర్నాటికి తలలో ఏమీ మిగలదు.

1. వెతకడం

గూగుల్ స్కాలర్‌లో రెండు మూడు మాటల పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. మంచి పేపర్ ఒకటి దొరికితే దాని కింద ఉండే ‘సైటెడ్ బై’ నొక్కండి, తర్వాత వచ్చిన పనంతా అక్కడుంటుంది. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు శోధగంగ వెబ్‌సైట్ చూడండి. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే, డబ్బు కట్టమనే జర్నల్ చూసి వెనుదిరగకండి. 2025 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి, లైబ్రరీలో అడగండి.

2. ఏరడం

పేపర్‌కు పది నిమిషాలు చాలు. సారాంశం, పరిచయంలో చివరి పేరా, పట్టికలు, ముగింపు చూసి ఉంచాలో వదలాలో తేల్చేయండి.

3. నోట్స్ రాయడం

ఇక్కడ మాత్రం తొందరపడకండి.

ఒక విభాగం చదవండి. పీడీఎఫ్ మూసేయండి. మూశాకే పెన్ను పట్టుకోవాలి. ఇప్పుడు ఆ విభాగం ఏం చెప్పిందో నాలుగైదు వాక్యాల్లో తెలుగులో రాయండి. థీసిస్ ఇంగ్లిషులోనే రాయాల్సి ఉన్నా నోట్స్ తెలుగులోనే ఉండాలి. సాంకేతిక పదాలను మాత్రం పేపర్‌లో ఉన్నట్టే ఉంచండి. పేపర్ ఇంగ్లిషు, నోట్సు తెలుగు అయినప్పుడు కాపీ కొట్టడం కుదరదు. అర్థం కాని చోట కలం దానంతటదే ఆగిపోతుంది. రేపు దాన్ని ఇంగ్లిషులో రాసినప్పుడు ఆ వాక్యం మీదే అవుతుంది. ఇంగ్లిషులో చదివి ఇంగ్లిషులోనే నోట్స్ రాసేవారు పేపర్ వాక్యాన్నే తీసుకుని నాలుగు మాటలు మారుస్తారు. ‘ప్రధాన కారణం’ బదులు ‘ముఖ్య హేతువు’ అని పెడితే అది సొంత వాక్యం కాదు. యాప్‌తో అనువదించిన నోట్స్ కూడా లెక్కలోకి రావు, ఎందుకంటే అక్కడ ఆలోచించింది మీరు కాదు.

రాశాక పీడీఎఫ్ మళ్లీ తెరిచి ఎర్రపెన్నుతో సరిచూడండి. ముఖ్యంగా మూడు చోట్ల పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది, అంకె వెనక ఉన్న కొలమానం. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పనిచేస్తున్నారనుకుందాం. ‘ఇన్ని శాతం నమూనాలు పరిమితి దాటాయి’ అని రాసుకుంటే ఆ నోటు పనికిరాదు. ఏ పరిమితి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో ఆమోదయోగ్యమైనది 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5. ఒక పేపర్ 1.0తో, మరొకటి 1.5తో లెక్కిస్తే ఆ రెండు శాతాలను పక్కపక్కన పెట్టకూడదు. నమూనాలు వేసవిలో తీశారా, వానల తర్వాతా, ఎన్ని బోర్లు అన్నవి కూడా అంకె పక్కనే ఉండాలి.

రెండోది, ‘కావచ్చు’. పేపర్ రచయిత ఆచితూచి ‘కారణం కావచ్చు’ అంటాడు. నోట్స్‌లో అది ‘కారణం’ అయిపోతుంది, థీసిస్‌లో ‘నిరూపించారు’ అవుతుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) పట్టుకునేది దీన్నే.

మూడోది, చూడని పేపర్‌ను చూసినట్టు రాయడం. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి షార్ట్ బృందం 1937లో రాసిన వ్యాసాన్ని ఈ అంశం మీద రాసేవాళ్లు తరచూ ఉదహరిస్తారు. మీరు దాన్ని వేరొకరి పేపర్‌లో చూస్తే నోట్స్‌లో ‘ఫలానా పేపర్ ద్వారా’ అని రాయండి. వీలైతే అసలు వ్యాసాన్నే తెప్పించుకోండి.

యథాతథంగా దించుకోవాల్సిన వాక్యం ఉంటే ఆ క్షణమే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు వేయండి. తర్వాత వేద్దామంటే ఎప్పటికీ వేయరు.

యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు కాబట్టి పది శాతం కాపీ కొట్టవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ పదిలో ఒక్క పేరా పూర్తిగా వేరొకరిదైనా అది దొంగతనమే. పది దాటి నలభై శాతం లోపు అయితే విద్యార్థి సవరించి మళ్లీ సమర్పించాలి. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సాఫ్ట్‌వేర్ చూపే శాతం చూసి మాటలు మార్చుకుంటూ కూర్చోవడం కన్నా మొదటి రోజే పీడీఎఫ్ మూసి రాయడం చాలా తేలిక.

4. పట్టిక

పేపర్‌కు ఒక అడ్డు వరుస. నిలువు గడుల్లో ప్రాంతం, సంవత్సరం, నమూనాల సంఖ్య, పద్ధతి, ఫలితం, మీ సందేహం. పదిహేను పేపర్లు నిండాక రివ్యూ మొదలుపెట్టండి. ‘ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు’ అని పేరాకొక పేరు పేర్చవద్దు. ఒక్కో ప్రశ్నకు ఒక పేరా రాయండి, అందులో ఎవరు ఏకీభవించారో, ఎవరు విభేదించారో, ఎందుకో రావాలి.

సైటేషన్‌ను, అంటే ఆ మాట ఏ పేపర్‌లోదో చెప్పే వివరాన్ని, వాక్యం రాసిన వెంటనే జొటెరోతో చొప్పించండి. అది తెచ్చే వివరాలను గుడ్డిగా నమ్మకండి. ఇంటిపేరు ముందు రాసుకునే మన పేర్లు డేటాబేసుల్లో తరచూ తారుమారవుతాయి. ప్రతి పేరునూ పీడీఎఫ్ మొదటి పేజీతో పోల్చి దిద్దుకోండి.