మొదటి టౌన్‌హౌస్ కొనేముందు: గోడ ఉమ్మడి, ఖర్చూ ఉమ్మడే

న్యూజెర్సీలో ఎడిసన్, ప్రిన్స్‌టన్ జంక్షన్ చుట్టుపక్కలైనా, వర్జీనియాలో హెర్న్‌డన్, యాష్‌బర్న్ వైపైనా, రైలెక్కి ఆఫీసుకు వెళ్లే దూరంలో విడి ఇల్లు అందుబాటులో లేనప్పుడు మనవాళ్ల చూపు టౌన్‌హౌస్ మీద పడుతుంది. మొదటి ఇంటికి అది మంచి ఎంపికే. అయితే దాంతోపాటు పక్కింటితో ఒక గోడ, వరుస మొత్తంతో ఒక పైకప్పు, కాలనీ మొత్తంతో ఒక బ్యాంకు ఖాతా ఉమ్మడిగా మీ మెడకు చుట్టుకుంటాయి. కొన్నాక ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా ఈ మూడే. వంటగది బండలు, కార్పెట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఈ మూడింటినీ మీ అంతట మీరు మార్చలేరు. అందుకే ఇల్లు చూడటానికి ఎంత సమయం పెడతారో అసోసియేషన్ (ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ) కాగితాలు చదవడానికి కనీసం అంత పెట్టండి.

నెల లెక్క

ధర 5,00,000 డాలర్లు, డౌన్ పేమెంట్ 10 శాతం, మిగతా 4,50,000కు 30 ఏళ్ల ఫిక్స్‌డ్ లోను, వడ్డీ 6.5 శాతం అనుకోండి. అసలు, వడ్డీ కలిపి నెలకు సుమారు 2,844 డాలర్లు. ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి ధరలో 2 శాతమైతే నెలకు 833, 1 శాతమైతే 417. న్యూజెర్సీ మొదటి లెక్కకు దగ్గర, ఉత్తర వర్జీనియా శివార్లు రెండో లెక్కకు దగ్గర. ఒకే ధర ఉన్న రెండు ఇళ్ల మధ్య నెలకు 400 డాలర్లకు పైగా తేడా ఇక్కడే వస్తుంది. దీని మీద ఇన్సూరెన్స్, 20 శాతం కన్నా తక్కువ డౌన్ పేమెంట్ కట్టినందుకు పీఎంఐ (మీరు లోను కట్టలేకపోతే బ్యాంకును కాపాడే ఇన్సూరెన్స్), ఆ పైన హెచ్‌ఓఏ ఫీజు.

హెచ్‌ఓఏ ఫీజును చిల్లర ఖర్చుల్లో వేయకండి. అదే 6.5 శాతం వడ్డీకి నెలకు 300 డాలర్లంటే సుమారు 47,000 డాలర్ల లోనుకు కట్టే వాయిదాతో సమానం. 5,00,000 ఇంటికి 450 ఫీజు, 5,20,000 ఇంటికి 150 ఫీజు ఉంటే, నెల ఖర్చులో రెండోదే చవక. బ్యాంకు కూడా మీ ఆదాయంలో ఎంత భాగం అప్పులకు పోతోందో చూసేటప్పుడు ఈ ఫీజును కలిపే చూస్తుంది. లోను తీరుతుంది గాని ఫీజు తీరేది కాదు, పైగా పెరుగుతూ పోతుంది.

పీఎంఐ శాశ్వతం కాదు. 1998 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లోను ఇంటి మొదటి విలువలో 80 శాతానికి దిగే సమయానికి తీసేయమని మీరు రాతపూర్వకంగా అడగొచ్చు. వాయిదాలు సక్రమంగా కడుతుంటే 78 శాతం దగ్గర బ్యాంకే తీసేయాలి. ఎవరూ గుర్తుచేయరు, 80 శాతం తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి.

డౌన్ పేమెంట్ కాకుండా క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) ఖర్చులు ధరలో 2 నుంచి 5 శాతం దాకా ఉంటాయి. ఉన్నదంతా డౌన్ పేమెంట్‌లో పోసి ఖాళీ ఖాతాతో ఇంట్లో అడుగుపెట్టడం మొదటిసారి కొనేవాళ్లు తరచూ చేసే తప్పు. మొదటి ఏడాదిలో ఏసీ పోతే అప్పు చేయాల్సి వస్తుంది.

వీసా, ఇండియా డబ్బు

గ్రీన్‌కార్డు లేనివాళ్లకు 2025 మే 25 నుంచి కొత్తగా ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉండే) లోన్లు ఆగిపోయాయి. 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ తీసుకోవచ్చని చెప్పే పాత సలహాలు హెచ్-1బి వాళ్లకు ఇక పనికిరావు. కన్వెన్షనల్ లోను (ఆ హామీ లేని మామూలు లోను) దొరుకుతుంది. కాకపోతే వీసా గడువు, ఐ-797 (వీసా ఆమోద నోటీసు) విషయంలో ఒక్కో బ్యాంకుది ఒక్కో పట్టింపు. ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంటే ఆ సంగతి ప్రీ-అప్రూవల్ (బ్యాంకు ముందస్తు ఆమోదం) రోజే చెప్పండి. క్లోజింగ్‌కు వారం ముందు బయటపడితే ఇల్లు చేజారిపోవచ్చు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి పంపే డబ్బుకు దారి స్పష్టంగా ఉండాలి. అక్కడ నివసించే ఒక్కొక్కరు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. ఇక్కడి బ్యాంకు మీ ఖాతాల రెండు నెలల స్టేట్‌మెంట్లు చూసి, పెద్ద జమ కనిపిస్తే ఎక్కడిదని అడుగుతుంది. తిరిగి ఇవ్వక్కర్లేదని గిఫ్ట్ లెటర్, పంపిన ఖాతా స్టేట్‌మెంట్, వైర్ రసీదు మూడూ సిద్ధంగా ఉంచండి. ఇంటి వేట మొదలుకాకముందే, మూడు నెలల ముందుగా తెప్పిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఒక ఏడాదిలో విదేశంలోని వ్యక్తి నుంచి వచ్చిన గిఫ్టులు 1,00,000 డాలర్లు దాటితే ఐఆర్ఎస్‌కు ఫారం 3520 దాఖలు చేయాలి. పన్ను ఉండదు గాని, దాఖలు చేయకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

రైలు, రోడ్డు, బడి

మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబర్ 15న యాష్‌బర్న్ దాకా వచ్చాక, ఆ చుట్టుపక్కల ప్రతి టౌన్‌హౌస్ ప్రకటనలోనూ "మెట్రోకు దగ్గర" అన్న మాట కనిపిస్తోంది. దగ్గరంటే నడకా, కారా? మంగళవారమో బుధవారమో ఉదయం ఏడున్నరకు ఆ ఇంటి గుమ్మం నుంచి బయలుదేరి ఆఫీసు కుర్చీ దాకా ఎంతసేపు పట్టిందో చూడండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా అలాగే. డల్లెస్ గ్రీన్‌వే లాంటి ప్రైవేటు టోల్ రోడ్డు దారిలో ఉంటే రోజు టోల్‌ను 20తో గుణించి నెల లెక్కలో కలపండి. న్యూజెర్సీలో నార్త్‌ఈస్ట్ కారిడార్ స్టేషన్ల దగ్గర పార్కింగ్ పర్మిట్ ఆ టౌన్‌షిప్ వాళ్లకే ఇస్తారా, వెయిటింగ్ లిస్టు ఉందా అన్నది ఆఫర్ వేసేముందే పార్కింగ్ నడిపే వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. స్టేషన్‌కు మూడు మైళ్ల దూరంలో ఉండి పర్మిట్ లేకపోతే రైలు ఉన్నా లేనట్టే.

బడి సంగతి ఇళ్ల వెబ్‌సైట్లలో చూసి నమ్మొద్దు. స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి అడ్రసు కొట్టి చూడండి. లౌడన్ లాంటి వేగంగా పెరిగే కౌంటీల్లో కొత్త బడి కట్టినప్పుడల్లా సరిహద్దులు మారుస్తారు. ప్రతిపాదనలో ఉన్న మార్పులు స్కూల్ బోర్డు పేజీలో ఉంటాయి.

నేల ఎవరిది

చూడటానికి ఒకేలా ఉండే రెండు టౌన్‌హౌస్‌ల్లో ఒకటి ఫీ సింపుల్, ఇంకొకటి కాండో కావచ్చు. ఫీ సింపుల్ అయితే ఇంటి కింద నేల, పైకప్పు, బయటి గోడలు మీవి, బాగుచేసుకునే బాధ్యతా చాలావరకు మీదే. కాండో అయితే సాధారణంగా లోపలి భాగం మీది, మిగతాది ఉమ్మడి. కౌంటీ ట్యాక్స్ రికార్డులో లాట్ నంబరు (ఫీ సింపుల్) ఉందా, యూనిట్ నంబరు (కాండో) ఉందా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. డీడ్ చూస్తే సందేహమే ఉండదు.

ఈ తేడా మీద రెండు ఆధారపడతాయి. కాండో అయితే లోను ఇచ్చేముందు బ్యాంకు మీ ఒక్కరినే కాక అసోసియేషన్‌నూ పరీక్షిస్తుంది: రిజర్వు (పెద్ద మరమ్మతులకు దాచిన సొమ్ము) ఎంత, ఫీజు బకాయిలు ఎన్ని, కోర్టు కేసులున్నాయా అని. అక్కడ తేడా వస్తే మీ క్రెడిట్ స్కోరు 800 ఉన్నా లోను ఆగుతుంది. రెండోది ఇన్సూరెన్స్. ఫీ సింపుల్‌కు మామూలు ఇంటి పాలసీ, అంటే హెచ్‌ఓ-3. కాండోకు హెచ్‌ఓ-6. హెచ్‌ఓ-6లో లాస్ అసెస్‌మెంట్ కవరేజీ (ఉమ్మడి నష్టంలో మీ వంతుకు వచ్చే బీమా) తరచూ 1,000 డాలర్లే ఉంటుంది. అసోసియేషన్ మాస్టర్ పాలసీ డిడక్టబుల్ చూసి దాన్ని పెంచుకోండి, ప్రీమియం పెద్దగా పెరగదు.

అసోసియేషన్ కాగితాలు

అడగాల్సినవి: ఈ ఏడాది బడ్జెట్, రిజర్వ్ స్టడీ, బోర్డు సమావేశాల 12 నెలల మినిట్స్, మాస్టర్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, బకాయిల జాబితా, కోర్టు కేసుల వివరం, డిక్లరేషన్, రూల్స్. వర్జీనియాలో రీసేల్ సర్టిఫికెట్ (అసోసియేషన్ ఇచ్చే ఈ కాగితాల కట్ట) చేతికొచ్చాక ఒప్పందంలో వేరే గడువు రాసుకోకపోతే 3 రోజుల్లో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. న్యూజెర్సీలో బ్రోకరు తయారుచేసిన కాంట్రాక్టుకు 3 పనిదినాల అటార్నీ రివ్యూ (లాయరు చూసి మార్చమనో, వద్దనో చెప్పే గడువు) ఉంటుంది. వందల పేజీలను మూడు రోజుల్లో తిరగేయాలి కాబట్టి ఈ వరసలో చదవండి.

మొదట రిజర్వు. 120 ఇళ్లున్న కాలనీలో పైకప్పులు అసోసియేషన్ బాధ్యత అనుకుందాం. ఇంటికి 12,000 డాలర్ల చొప్పున కప్పులు మార్చడానికి 14,40,000 కావాలి. కప్పుల వయసు 22 ఏళ్లు, ఖాతాలో ఉన్నది 3,00,000. తక్కువ పడిన 11,40,000ను 120తో భాగిస్తే ఇంటికి 9,500. దీన్నే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు, ఆ రోజు ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లు కట్టాలి. ఫీజు తక్కువని సంబరపడే కాలనీల్లో చాలాసార్లు కారణం ఇదే: రిజర్వుకు డబ్బు పక్కన పెట్టకుండా ఏళ్ల తరబడి ఫీజు పెంచలేదు. కాలనీ లోపలి రోడ్లు కౌంటీవా, అసోసియేషన్‌వా కూడా చూడండి. ప్రైవేటు రోడ్డయితే మంచు తీయడం, తారు మళ్లీ వేయడం మీ జేబులోంచే.

తర్వాత మినిట్స్. బడ్జెట్‌లో దాగినవి ఇక్కడ బయటపడతాయి. "రిటైనింగ్ వాల్", "నీటి లీకు", "ఇంజనీర్ రిపోర్ట్", "టెండరు", "లాయర్" లాంటి మాటలు పదేపదే వస్తుంటే ఆ విషయం మేనేజ్‌మెంట్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. చివరగా రూల్స్: అద్దెకు ఇవ్వొచ్చా, ఎంతమంది ఇవ్వొచ్చన్న పరిమితి నిండిపోయిందా, ఇంటికి ఎన్ని పార్కింగ్ ట్యాగులు, ఈవీ చార్జర్ పెట్టుకోవచ్చా. మూడేళ్లకు విడి ఇంటికి మారి దీన్ని అద్దెకిద్దామనుకునేవాళ్లకు అద్దె నిబంధన అన్నిటికన్నా ముఖ్యం.

ఇన్‌స్పెక్షన్‌లో టౌన్‌హౌస్‌కు ప్రత్యేకమైనవి

ఇన్‌స్పెక్టర్ అటకలోకి ఎక్కాలి, ఈ మాట ముందే చెప్పండి. 1980ల్లో తూర్పు రాష్ట్రాల్లో కట్టిన చాలా టౌన్‌హౌస్‌ల్లో ఉమ్మడి గోడకు రెండువైపులా సుమారు నాలుగేసి అడుగుల మేర మంట నిరోధక రసాయనం పట్టించిన ప్లైవుడ్ వేశారు. అటక వేడికి ఆ రసాయనమే చెక్కను తినేసింది. నల్లబడి, పొరలు విడిపోయి, నొక్కితే పెళుసుగా విరిగితే ఆ కప్పు మీద మనిషి నడవడం కూడా ప్రమాదం. షింగిల్స్ కొత్తవైనా కింద చెక్క పాతదే ఉండొచ్చు.

1978 నుంచి 1995 మధ్య కట్టిన ఇళ్లలో బూడిదరంగు ప్లాస్టిక్ నీటి పైపు కనిపిస్తే అది పాలీబ్యూటిలీన్ కావచ్చు. అతుకుల దగ్గర హెచ్చరిక లేకుండా పగులుతుంది. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు అలాంటి ఇంటిని తీసుకోవు. మొత్తం మార్పించే ఖర్చు లెక్కగట్టి ధరలో తగ్గించమనండి.

మూడంతస్తులకు ఒకే థర్మోస్టాట్ ఉంటే వేసవిలో పై పడకగది ఉడుకుతుంది, గ్యారేజ్ మీది గది చలికాలం గడ్డకడుతుంది. మధ్యాహ్నం వెళ్లి పై అంతస్తులో పది నిమిషాలు నిలబడితే అర్థమైపోతుంది. మధ్య ఇంట్లో డ్రయ్యర్ గొట్టం పొడవుగా పోతుంది, దూది పేరుకుంటే నిప్పు భయం. డెక్‌ను ఇంటికి పట్టి ఉంచే దూలానికి బోల్టులున్నాయా, ఒట్టి మేకులేనా చూడమనండి. అలాగే ఆ డెక్‌కు కౌంటీ పర్మిట్, అసోసియేషన్ అనుమతి రెండూ ఉన్నాయా అడగండి. లేకపోతే అమ్మినవాళ్ల తప్పును మీరు కూలగొట్టాల్సి వస్తుంది. బేస్‌మెంట్ ఉంటే రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) పరీక్ష కనీసం 48 గంటలు నడవాలి, లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే తగ్గించే ఫ్యాన్ పెట్టించాలని ఈపీఏ చెబుతుంది.

శబ్దం రిపోర్టులో రాదు. సాయంత్రం ఏడు గంటలకు ఇంకోసారి వెళ్లి, ఉమ్మడి గోడకు అవతల మెట్లున్నాయా, టీవీ ఉందా వినండి. చివరి ఇంటికి ఎక్కువ ధర అడుగుతారు. ఒక గోడ తగ్గడం, పక్క కిటికీలు రావడం చూస్తే అది చాలావరకు తగిన ధరే.

ఆఫర్ నుంచి తాళాల దాకా

2024 ఆగస్టు 17 నుంచి ఏజెంటు ఇల్లు చూపించేముందే మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల్సి వస్తోంది. కమిషన్ ఎంత, అమ్మేవాళ్లు ఇవ్వకపోతే ఎవరు కట్టాలి, గడువు ఎన్నాళ్లు అన్న మూడూ చదవకుండా సంతకం పెట్టొద్దు. కమిషన్ బేరమాడుకునేదే.

లోను కోసం కనీసం ముగ్గురిని అడగండి, అదీ 14 రోజుల్లోపు. అప్పుడు క్రెడిట్ స్కోరు లెక్కలో అన్నీ ఒకే విచారణగా పరిగణిస్తారు. దరఖాస్తు చేసిన 3 పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ (ఖర్చుల అంచనా) రావాలి, క్లోజింగ్‌కు కనీసం 3 పనిదినాల ముందు క్లోజింగ్ డిస్‌క్లోజర్ (తుది లెక్క) అందాలి. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో వరస పోల్చండి. ఈ మధ్యకాలంలో కొత్త కారు, కొత్త క్రెడిట్ కార్డు, ఉద్యోగ మార్పు ఏదీ వద్దు.

పోటీ ఎక్కువున్న చోట ఇన్‌స్పెక్షన్, అప్రైజల్ (బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టడం), లోను షరతులన్నీ వదులుకోమని ఒత్తిడి వస్తుంది. వదులుకోక తప్పకపోతే ఇన్‌స్పెక్షన్‌ను చిన్న గడువుతో, చిన్న మరమ్మతులు అడగనని రాసిచ్చి ఉంచుకోండి. లోను షరతు వదులుకుంటే, లోను రాని రోజున ఎర్నెస్ట్ మనీ (బయానా) పోతుంది. అది సాధారణంగా ధరలో 1 నుంచి 3 శాతం.

బిల్డరు దగ్గర కొత్తది కొంటుంటే మీ ఏజెంటును మొదటి సందర్శనకే తీసుకెళ్లండి, లేకపోతే ఆ తర్వాత బిల్డరు ఒప్పుకోకపోవచ్చు. గోడలు మూయకముందు ఒక ఇన్‌స్పెక్షన్, వారంటీ ఏడాది నిండకముందు పదకొండో నెలలో ఇంకోటి చేయించండి. మొదటి ఏడాది ప్రాపర్టీ ట్యాక్స్ ఖాళీ స్థలం విలువ మీదే పడొచ్చు. ఇల్లు లెక్కలోకి వచ్చాక ఎస్క్రో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా మీ వాయిదాతో కట్టించుకునే ఖాతా) లోటు వచ్చి నెల వాయిదా ఒక్కసారిగా కొన్ని వందలు పెరుగుతుంది, అది పొరపాటు కాదు.

క్లోజింగ్ డబ్బు పంపాల్సిన ఖాతా నంబరు మారిందని ఈమెయిల్ వస్తే మోసమనే అనుకోండి. మొదట్లో మీరే సంపాదించిన టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు పత్రాలు చూసి క్లోజింగ్ జరిపే సంస్థ) నంబరుకు ఫోన్ చేసి, అంకెలు చదివించుకున్నాకే వైర్ చేయండి. ఓనర్స్ టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కు మీద వివాదం వస్తే మిమ్మల్ని కాపాడే పాలసీ) ఐచ్ఛికమే గాని తీసుకోవాలి. బ్యాంకు కొనిపించే పాలసీ బ్యాంకునే కాపాడుతుంది.

చివరి వాక్‌త్రూలో ప్రతి కొళాయి, పొయ్యి, ఏసీ వేసి చూడండి. మెయిల్‌బాక్స్ తాళంచెవి, గ్యారేజ్ రిమోట్లు, పార్కింగ్ ట్యాగులు, పూల్ కార్డు అమ్మినవాళ్ల నుంచి ఆ రోజే తీసుకోండి. ఉమ్మడి మెయిల్‌బాక్స్ తాళం పోతే మార్పించడానికి రోజులు పడుతుంది, ట్యాగు లేని కారును మొదటి రాత్రే టో చేసుకుపోయే కాలనీలున్నాయి.