గుర్రాన్ని ట్రైనర్‌కి అప్పగించే ముందు జాగ్రత్తలు

ముందు పశువైద్యుడికి చూపించండి. తల విదిలించడం, జీను వేస్తుంటే కరవబోవడం చాలాసార్లు పొగరు కాదు, నొప్పి. పళ్లు, వీపు, గిట్టలు చూపించాలి. జీను సరిగ్గా కూర్చుంటోందా అన్నది కూడా. నొప్పితో ఉన్న గుర్రానికి శిక్షణ ఇవ్వడం అన్యాయం.

ట్రైనర్ వేరే గుర్రంతో పనిచేస్తుండగా ఒకసారి వెళ్లి చూడండి. సహజ పద్ధతికి, అంటే బెదిరించకుండా గుర్రం స్వభావాన్ని బట్టి నేర్పే పద్ధతికి, ప్రాణం ఒత్తిడి పెట్టడంలో లేదు, తీసేయడంలో ఉంది. గుర్రాన్ని వెనక్కి జరపాలంటే తాడు కాస్త బిగిస్తారు. అది ఒక్క అడుగు వెనక్కి వేసినా ఆ క్షణమే వదులు చేయాలి. లాగుతూనే ఉంటే తను చేసింది సరైనదని దానికెలా తెలుస్తుంది? రౌండ్ పెన్‌లో (శిక్షణకు వాడే గుండ్రటి కంచె ఆవరణలో) రొప్పేదాకా పరిగెత్తించి "లొంగింది" అనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

మీకు హెల్మెట్, మడమ ఉన్న గట్టి బూట్లు, గ్లవ్స్ తప్పనిసరి. తాడును చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి. సరిగ్గా వెనక, ముక్కు ముందు ఉన్నది గుర్రానికి కనపడదు. భుజం వైపు నుంచి మాట్లాడుతూ దగ్గరికి వెళ్లండి. రోప్ హాల్టర్‌తో (తలకు తొడిగే తాడు పట్టీతో) మేతకు వదలొద్దు. ఎక్కడైనా తగులుకుంటే అది తేలిగ్గా తెగదు.

వీలైనన్ని సెషన్లలో మీరూ ఉండి నేర్చుకోండి. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక విసురుతూ గుర్రం టెన్షన్ పడుతుంటే ఆపమని చెప్పడానికి మొహమాటపడొద్దు.