కాలేజీ క్యాంపస్‌లో కాఫీ బండి: కొనే ముందే ఐడియాను ఎలా పరీక్షించాలి?

వరంగల్‌లో కాలేజీలకు కొదవ లేదు. కాజీపేట–హనుమకొండ రోడ్డు మీద ఎన్‌ఐటీ, విద్యారణ్యపురిలో కాకతీయ యూనివర్సిటీ, అవి కాక మెడికల్ కాలేజీ, హసన్‌పర్తి దారిలో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఇంతమంది యువత ఉన్నచోట మంచి కాఫీ బండి పెడితే నడవదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఎక్కువమంది ముందు బండి కొంటారు, మెషీన్ కొంటారు, పేరు రాయిస్తారు, ఆ తర్వాత గిరాకీ కోసం ఎదురు చూస్తారు. వరుస తిరగేయాలి. గిరాకీ ఎక్కడ, ఏ గంటలో, ఎంత ధరకు ఉందో చిన్న ఖర్చుతో తెలుసుకున్నాకే అప్పు గురించి ఆలోచించాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పడితే ఆ సంగతి తేలిపోతుంది.

ఐడియాను ఒక్క వాక్యంలో రాయండి

"క్యాంపస్‌లో కాఫీకి డిమాండ్ ఉంది" అనే మాటను ఎవరూ పరీక్షించలేరు. "పదకొండు గంటల బ్రేక్‌లో ఫలానా బ్లాక్ ముందు, 20 రూపాయలకు కప్పు చొప్పున, రోజుకు వంద కప్పులు అమ్ముడవుతాయి" అని రాస్తే పరీక్షించవచ్చు. చోటు, సమయం, ధర, కప్పుల సంఖ్య నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి. ఇందులో ఏది తప్పినా మీ లెక్క మారుతుంది. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోండి. పరీక్ష సాగే కొద్దీ అందులో ఏ ముక్క నిలబడిందో, ఏది కొట్టేయాలో మీకే కనిపిస్తుంది.

పోటీ ఎవరితోనో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. నక్కలగుట్టలోని ఏసీ కెఫేలు మీకు పోటీ కాదు. కాలేజీ గేటు బయట ఉన్న చాయ్ బండే మీకు అసలు పోటీ. మన దగ్గర నలుగురు కలిస్తే "చాయ్ తాగుదాం పా" అంటారు తప్ప కాఫీ అనరు. ఆ అలవాటుతో కొట్లాడి గెలవలేం. కాబట్టి ఇప్పటికే కాఫీ తాగేవాళ్లు ఎక్కడున్నారో వెతకండి. ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లవి. తమిళనాడు, కేరళ, కర్ణాటక నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలకు ఫిల్టర్ కాఫీ ఇంటి రుచి. కాకతీయ యూనివర్సిటీలో అయితే రీసెర్చ్ స్కాలర్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు గంటల తరబడి పుస్తకాల ముందు కూర్చుంటారు. వాళ్లకు కావాల్సింది రుచికన్నా ముందు నిద్ర ఆపుకోవడం. ఈ రెండు గుంపులకూ ఒకే కాఫీ, ఒకే టైమ్ పనికిరాదు.

నోట్‌బుక్ పట్టుకుని నిలబడండి

ఒక వారం పాటు ఏమీ అమ్మకండి. అనుకున్న చోట నిలబడి ప్రతి పావుగంటకు ఎంతమంది నడిచి వెళ్తున్నారో గీతలు గీయండి. వాళ్లలో ఎంతమంది ఆగే తీరికతో ఉన్నారు, ఎంతమంది క్లాసుకు పరిగెత్తుతున్నారు అన్నది వేరుగా రాయండి. ఎంత జనం ఉన్నా, ఆగని జనం మీకు అక్కరకు రారు.

బస్సుల సంగతి తప్పక చూడండి. ఊరి బయటి కాలేజీల్లో చాలామంది కాలేజీ బస్సులో వచ్చి కాలేజీ బస్సులోనే పోతారు. సాయంత్రం చివరి పీరియడ్ అయ్యాక బస్సు ఎక్కే తొందరలో ఉన్నవాళ్లు వేడి కాఫీ కోసం లైన్లో నిలబడరు. హాస్టళ్లున్న క్యాంపస్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. సాయంత్రం ఆటలయ్యాక, రాత్రి చదువు మొదలయ్యే ముందు మంచి గిరాకీ ఉండొచ్చు. బండికి చక్రాలు ఉన్నది అందుకే. పొద్దున హాస్టల్ దగ్గర, పదకొండుకు డిపార్ట్‌మెంట్ ముందు, సాయంత్రం లైబ్రరీ పక్కన ఉండగలగడమే ఈ వ్యాపారం బలం. పొద్దంతా ఒకే చెట్టు కింద నిలబెట్టేదైతే అది కొట్టు కిందే లెక్క, దానికి బండి ఖర్చు ఎందుకు?

"బాగుంది" అనే మాటను నమ్మకండి

"మేం కాఫీ బండి పెడితే కొంటారా?" అని అడిగితే అందరూ కొంటామనే అంటారు. మన పిల్లలు మొహమాటస్తులు, ఎదుటివాళ్లను నొప్పించరు. జరగబోయేది అడగకుండా జరిగిపోయినది అడగండి. "తమ్మీ, పొద్దున ఏం తాగినవ్? ఎక్కడ? ఎంత అయింది?" "నిన్న సాయంత్రం?" "చివరిసారి కాఫీ ఎప్పుడు తాగినవ్?" నెల కింద తాగానన్న అబ్బాయి రేపటి నుంచి రోజూ మీ దగ్గర తాగడు. రోజూ హాస్టల్ గదిలో వేడినీళ్లలో ఇన్‌స్టంట్ పొడి కలుపుకుంటానన్న అమ్మాయి మీ మొదటి కస్టమర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

అధ్యాపకులను, ఆఫీసు సిబ్బందిని, సెక్యూరిటీ వాళ్లను కూడా అడగండి. విద్యార్థులు నాలుగేళ్లలో మారిపోతారు, వీళ్లు ఉండిపోతారు. సెలవుల్లో కూడా క్యాంపస్‌కు వచ్చేది వీళ్లే.

అనుమతి లేకుండా ఒక్క కప్పు కూడా వద్దు

క్యాంపస్ లోపల అమ్మాలంటే ఆ కాలేజీ అనుమతి కావాలి. ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్ లేదా విద్యార్థి సంక్షేమం చూసే డీన్, ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. ముందుగా ఒక ప్రశ్న అడగాలి: క్యాంటీన్ కాంట్రాక్టులో "లోపల ఇంకెవరూ తినుబండారాలు అమ్మకూడదు" అనే షరతు ఉందా? ఉంటే మీ పరీక్ష అక్కడే ఆగుతుంది, లేదా క్యాంటీన్ వాళ్లతోనే మాట్లాడి వాళ్ల తరఫున కాఫీ అమ్మాలి. రెండోది చెడ్డ దారేం కాదు. వాళ్లకు వాటా ఇచ్చినా అనుమతి టెన్షన్ తప్పుతుంది.

ఏకంగా ఏడాదికి అడిగితే ఫైలు కదలదు. రెండు వారాలకు, ఒక టేబుల్‌కు, మంట వెలిగించకుండా, చెత్త మేమే తీసుకెళ్తాం అని రాసి అడిగితే సరేననే అవకాశం ఎక్కువ. అదీ కుదరకపోతే కాలేజీ పండుగలున్నాయి. ఎన్‌ఐటీలో టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ లాంటి వేడుకలప్పుడు స్టాల్స్ కోసం నిర్వాహకులను కలవొచ్చు. అయితే పండుగ రోజు అమ్మకాన్ని మామూలు రోజుకు కొలతగా పెట్టుకోవద్దు. అక్కడ నేర్చుకోవాల్సింది రద్దీలో ఒక కప్పు అందించడానికి మీకు ఎంతసేపు పడుతుందన్నదే.

గేటు బయట రోడ్డు మీద నిలబడాలంటే అది మున్సిపల్ వ్యవహారం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలు, గుర్తింపు, కేటాయించిన జోన్లు ఉంటాయి. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా సిబ్బంది దగ్గర వివరాలు అడగండి. ఎక్కడ అమ్మినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారులకు బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంది, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నడిపే ఫాస్కాస్ (FoSCoS) పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితం చేతిలో ఉంటే కాలేజీ వాళ్లు మిమ్మల్ని చూసే తీరే వేరుగా ఉంటుంది.

బండి లేకుండా కాఫీ అమ్మడం

పరీక్షకు కావాల్సిన సామాను ఇది: వేడి నిలిచే పెద్ద స్టీల్ క్యాన్లు రెండు, మడత టేబుల్, పేపర్ కప్పులు, చక్కెర డబ్బా, చెత్త బుట్ట, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, క్యూఆర్ కోడ్. ఉంటే స్కూటీ, లేకపోతే ఆటో. ఎస్ప్రెస్సో మెషీన్ మాట ఇప్పుడు ఎత్తకండి.

డికాషన్ ఇంట్లోనే దిగనివ్వండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయాలి. పొద్దున తీసిన డికాషన్ సాయంత్రానికి వాసన పోయి చేదు మిగులుతుంది. పాలు బాగా మరిగించి క్యాన్లో పోయండి, కాఫీ అరవై డిగ్రీల కన్నా చల్లారకుండా చూసుకోండి. చౌకగా వంద రెండొందలకు దొరికే థర్మామీటర్ ఒకటి కొనండి, చేత్తో తాకి అంచనా వేయొద్దు. పాల విషయంలో ప్యాకెట్ మార్చి మార్చి వాడితే రుచి రోజుకో తీరుగా ఉంటుంది. విజయ అయినా, ముల్కనూరు మహిళల డెయిరీ పాలైనా, ఒక్కటే పట్టుకుని ఉండండి.

ఇంట్లో కాచి తెస్తే క్యాంపస్‌లో గ్యాస్ సిలిండర్ అవసరమే ఉండదు. తర్వాత బండి మీద పొయ్యి పెట్టాలనుకుంటే వాణిజ్య అవసరాలకిచ్చే సిలిండరే వాడాలి, ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం నేరం. ప్లాస్టిక్ కప్పులు, స్ట్రాలు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఇలాంటివి తెలియనట్టు ఉంటే కాలేజీ వాళ్లే మిమ్మల్ని పంపించేస్తారు.

రుచి, ధర: ఒకసారికి ఒక్కటే మార్చండి

కాఫీ పొడిలో చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) ఎంత కలపాలన్నది తొలి ప్రశ్న. చికోరీ కలిస్తే డికాషన్ చిక్కగా, ముదురు రంగులో వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. కాఫీ రుచి తెలిసినవాళ్లు మాత్రం అది ఎక్కువైతే వెంటనే పట్టేస్తారు. ఒక వారం 80:20 (80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ) పొడితో, ఇంకో వారం 70:30తో అమ్మండి. ధర మార్చకండి. ఆ తర్వాత పొడి అలాగే ఉంచి ధర మార్చి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే అమ్మకం ఎందుకు పెరిగిందో, ఎందుకు పడిందో చెప్పలేరు.

ఉచితంగా రుచి చూపించడం మొదటి రోజుతో ఆపేయండి. ఉచిత కప్పుకు వచ్చే లైన్ మీకేమీ చెప్పదు. స్నేహితులు, చుట్టాలు కొన్న కప్పులను లెక్కలోంచి తీసేయండి. మీరు చూడాల్సింది తెలియని మనిషి రెండోసారి వచ్చాడా అన్నదే. దీనికి యూపీఐ బాగా ఉపయోగపడుతుంది. ప్రతి చెల్లింపు పక్కన పేరు, సమయం ఉంటాయి కదా, రాత్రి కూర్చుని చూస్తే ఎవరు తిరిగొచ్చారు, ఏ పావుగంటలో రద్దీ ఉందో తెలిసిపోతుంది. నగదు అమ్మకాలను మాత్రం అప్పటికప్పుడే రాయాలి.

రెండో వారంలో పది కప్పుల కార్డు అమ్మి చూడండి. 20 రూపాయల కాఫీ పది కప్పులకు 180 రూపాయలు, ముందే చెల్లించాలి. "అన్నా, మస్తుగుంది" అన్నవాళ్లలో ఎంతమంది కార్డు కొన్నారో చూస్తే పొగడ్త విలువ ఎంతో తేలుతుంది. పరీక్ష మధ్యలో ఆపేస్తే మిగిలిన కప్పుల డబ్బు వాపసు ఇస్తామని కార్డు మీదే రాయండి, అన్నట్టే ఇవ్వండి.

కప్పు లెక్క

ఉదాహరణకు ఒక కప్పుకు 80 మిల్లీలీటర్ల పాలు, లీటరు 65 చొప్పున 5.20 రూపాయలు. 8 గ్రాముల పొడి, కిలో 600 చొప్పున 4.80. చక్కెర 35 పైసలు, కప్పు 75 పైసలు, గ్యాస్ 50 పైసలు. మొత్తం 11.60. ఇరవైకి అమ్మితే 8.40 మిగులుతుంది. మీ ఊళ్లో, మీరు కొనే ధరలు వేసి ఈ లెక్క మళ్లీ చేయండి.

ఇక రోజువారీ ఖర్చులు. మీ కూలి 500 వేయండి, దీన్ని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. పెట్రోలు 100, చోటు అద్దె 150 అనుకుంటే మొత్తం 750. దాన్ని 8.40తో భాగిస్తే 90 కప్పులు. తొంభై కప్పుల దాకా మీరు కూలికి పని చేస్తున్నట్టే, లాభం ఆపైన మొదలవుతుంది. కాచి పారబోసిన కాఫీ ఇంకా చేటు. పది కప్పుల కాఫీ మిగిలిపోతే ఆ నష్టం పూడ్చడానికి మరో పదమూడు కప్పులు అమ్మాలి. అందుకే మొదటి వారాల్లో తక్కువ కాచి, "అయిపోయింది" అని చెప్పడమే మేలు.

ఏడాది అంతా కాలేజీ ఉండదు

ఇది చాలా లెక్కల్లో కనిపించని గొయ్యి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధన ప్రకారం కాలేజీల్లో ఏడాదికి కనీసం 180 రోజులు పాఠాలు జరగాలి. మీ లెక్క ఆ 180 రోజుల మీదే వేయండి, 365 మీద కాదు. బతుకమ్మ, దసరా సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, జనవరిలో మళ్లీ సంక్రాంతి వస్తుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిన వారంలో ఇక్కడ జనమంతా అటే. పరీక్షల ముందు చదువు సెలవుల్లో డిపార్ట్‌మెంట్ల ముందు ఈగలు తోలుకోవాలి, హాస్టల్ దగ్గర మాత్రం అప్పుడే గిరాకీ. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం వేడి కాఫీ అడిగేవాళ్లు ఉండరు. కోల్డ్ కాఫీనో, మజ్జిగో చేర్చగలరా అన్నది వేరే పరీక్ష.

రోజుకు 130 కప్పులు అమ్ముడవుతున్నాయనుకోండి. కూలి, ఖర్చులు పోగా రోజుకు 342 మిగులుతుంది. 180 రోజులకు 61,560. బండి అప్పుకు నెలకు 4,000 కిస్తీ ఉంటే ఏడాదికి 48,000 అటే పోతుంది, ఎందుకంటే బ్యాంకుకు సెలవులు లేవు. చివరికి మీకు మిగిలేది 13,560. రోజూ రద్దీగా కనిపించిన బండి ఏడాది చివర్లో ఇంతే ఇస్తుందంటే, ఆ అప్పు చేయాలా వద్దా అన్నది ఇప్పుడే ఆలోచించాలి. సెలవుల్లో అదే బండిని హనుమకొండ చౌరస్తా వైపో, ఫంక్షన్ హాళ్ల ఆర్డర్లకో వాడగలిగితే లెక్క మారుతుంది. ఆ అమ్మకాన్ని కూడా ఊహించి కాక, ఒకటి రెండు ఫంక్షన్లకు క్యాన్లతో కాఫీ ఇచ్చి చూశాకే కలపండి.

తేల్చుకునే గీత ముందే గీయండి

పరీక్ష మొదలుపెట్టే రోజే రెండు అంకెలు రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. "చివరి వారంలో సగటున రోజుకు ఇన్ని కప్పులు దాటితే ముందుకు, ఇన్నిటికి తగ్గితే ఆపేస్తాను." పై లెక్క ప్రకారం 130, 90 అనుకోవచ్చు. తర్వాత రాస్తే వచ్చిన అంకెకు తగ్గట్టే గీత జరుపుతాం.

తొంభైకి లోపే ఆగితే క్యాన్లు అమ్మేయండి, పోయింది కొద్ది డబ్బే. మధ్యలో ఉంటే బండి కొనకుండా చోటు మార్చి, లేదా టైమ్ మార్చి ఇంకో రెండు వారాలు చూడండి. 130 దాటినా వెంటనే కొత్త బండి వద్దు. పాత బండి ఒకటి అద్దెకు తీసుకుని ఒక సెమిస్టర్ నడపండి. కాలేజీతో కాగితం మీద ఒప్పందం రాయించుకోండి: ఎన్ని నెలలు, అద్దె ఎంత, నిలబడే చోట్లు ఏవి, కరెంటు ఎవరిది, సెలవుల్లో అద్దె ఉంటుందా, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. సెలవుల అద్దె షరతు దగ్గర గట్టిగా మాట్లాడండి, ఎందుకంటే మీ 180 రోజుల లెక్క నిలబడేదీ కూలేదీ అక్కడే.