ఊరి క్లబ్బు కబడ్డీ సెలక్షన్లలో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ చాలా యువజన క్లబ్బులు పదహారేళ్ళలోపు పిల్లల కబడ్డీ జట్టును ఒక్క సాయంత్రంలో ఎంపిక చేసేస్తాయి. ఆ సాయంత్రం జరిగిన పొరపాటు సంక్రాంతి పోటీల్లో గాని బయటపడదు, అప్పటికి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. సెలక్షన్ బల్ల దగ్గర చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నవాడిగా, ఈ కింద రాసిన తప్పుల్లో ఎక్కువ భాగం నేనూ చేశానని ముందే ఒప్పుకుంటున్నాను.

జట్టు నిండా రైడర్లే, పట్టేవాడు లేడు

లక్షణం: మన పిల్లలు కూతకు వెళ్ళినప్పుడు పాయింట్లు బాగానే తెస్తారు గాని, అవతలి రైడరు వచ్చిన ప్రతిసారీ ఒకరిని ముట్టుకుని తాపీగా మధ్యగీత దాటి వెళ్ళిపోతాడు.

కారణం: ఒక్కొక్కరినీ పిలిచి ఒక కూతకు పంపి, ఎవరినైనా ముట్టి వచ్చాడా లేదా అన్నదే చూడటం. ఎదురుగా నిలబడిన ఏడుగురూ అప్పటికింకా జట్టు కారు. ఒకరి పేరు ఒకరికి తెలియని పిల్లల మధ్య గొలుసు (చేతులు కలుపుకుని కలిసి పట్టడం) కుదరదు కాబట్టి, కాస్త చురుకైన ప్రతివాడూ ఆ పూట గొప్ప రైడరుగానే కనిపిస్తాడు. పట్టు పట్టేవాడి పనితనాన్ని చూసే అవకాశం ఆ పద్ధతిలో అసలు లేదు.

పరిష్కారం: ఒక రైడరుకు ముగ్గురు డిఫెండర్లు చొప్పున చిన్న ఆటలు ఆడించాలి. ప్రతి పిల్లవాడూ కనీసం ఆరు కూతలను ఎదుర్కోవాలి: మూడు ఎడమ కార్నర్‌లో (డిఫెండర్ల వరుసకు ఎడమ చివర), మూడు కుడి కార్నర్‌లో. అందుకున్న చీలమండను వదిలేస్తున్నాడా, పక్కవాడికి పట్టు దొరికిన క్షణంలోనే తానూ మీద పడుతున్నాడా, లేక చూస్తూ నిలబడుతున్నాడా అన్నది రాసుకోవాలి. రైడరు విషయంలో, 30 సెకన్ల కూతలో బాక్ లైను (అవతలి సగంలో రైడరు దాటవలసిన గీత) దాటి, ఎవరినీ ముట్టకపోయినా క్షేమంగా వెనక్కి రాగలిగితే దానికీ మార్కు ఉండాలి.

ఒక వేసవిలో సన్నపాటి కుర్రాడొకడు తన కూతలన్నిట్లో ఎవరినీ ముట్టలేకపోయాడు. కార్నర్‌లో నిలబెడితే మాత్రం, తనకన్నా బరువైన రైడరు ఎడమ చీలమండను రెండు చేతులా పట్టుకుని, గడ్డం ఇసుకలో గీసుకుపోతున్నా మధ్యగీత దాకా వదలలేదు. పాత పద్ధతిలో అతడి పేరు కాగితం మీదికి వచ్చేదే కాదు.

కార్నర్‌ను ఒంటరిగా చూసి తేల్చడం కూడా సరికాదు. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచినప్పుడు, మా అరుగుల మీద అందరం అతడి స్మాష్ గురించే మాట్లాడుకున్నాం గాని, ఇద్దరికీ కుదిరిన పొందిక గురించి ఎవరమూ మాట్లాడలేదు. కార్నర్, అతడికి సాయంగా లోపలి వైపు నిలిచే కవర్ కూడా జంటే. అందువల్ల పక్కవాణ్ణి రెండుసార్లు మార్చి చూసిన తరువాతే మార్కు వేయాలి.

నిరుడు మేటి అనిపించుకున్నవాడు ఈ ఏడు తేలిపోతున్నాడు

కారణం ఆటలో లేదు, ఎదుగుదలలో ఉంది. మగపిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే వయసు సగటున పద్నాలుగు ప్రాంతం. కొందరికది పన్నెండుకే వస్తుంది, కొందరికి పదహారు దాకా రాదు. పైగా వయసు లెక్కకు జనవరి 1 హద్దుగా పెట్టుకుంటే, జనవరిలో పుట్టినవాడు అదే జట్టులోని డిసెంబరు పిల్లవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. మనం ప్రతిభ అనుకుని ఎంచుకున్నది చాలాసార్లు ముందుగా వచ్చిన ఒళ్ళు మాత్రమే.

అందుచేత మైదానం దగ్గర తూకం తప్పనిసరిగా పెట్టి, చిన్న ఆటల్లో దగ్గర దగ్గర బరువున్న పిల్లలనే ఎదురెదురుగా నిలపాలి. పుట్టిన నెలను పేరు పక్కనే రాయాలి. చిన్నవాడై ఉండి పెద్దవాళ్ళకు సమంగా ఆడినవాణ్ణి రెండో జాబితాలో ఉంచి, ఆరు నెలల తరువాత మళ్ళీ చూడాలి. జనన ధ్రువపత్రం ఎంపికకు ముందే అడగాలి. మీసం చూసి వయసు కట్టే అలవాటు వల్ల తగాదాలే మిగులుతాయి.

జాబితా చదవగానే గొడవ

లక్షణం: "ముందే అనుకుని వచ్చారు" అన్న మాట వినిపిస్తుంది. బాధాకరమైన విషయమేమిటంటే, అది తరచుగా నిజమే. ఒక ఏడాది మా బల్ల మీద నా పక్కనున్న పెద్దాయన ఒక కుర్రాణ్ణి చూపించి "వీడు బాగానే ఉన్నాడు కదండీ" అన్నారు. నేను అప్పటికే వేసిన 5ను కొట్టేసి 7 వేశాను. ఆ కుర్రాడు మా అక్క కొడుకు. ఎవరూ నన్ను అడగలేదు గాని, ఆ కొట్టివేత కాగితం మీద అందరికీ కనిపించింది.

పరిష్కారం: పిల్లల ఛాతీకి నంబర్లు కట్టి, మార్కుల కాగితంలో పేర్లు లేకుండా చూడాలి. ముగ్గురు చూసేవాళ్ళలో ఒకరైనా పక్క మండలం పీఈటీ మాస్టారు అయితే మంచిది. ముగ్గురూ దూరదూరంగా కూర్చుని, ఆట ముగిసి కాగితాలు అందజేసేదాకా మాట్లాడుకోకూడదు. తమ ఇంటి పిల్లవాడు దిగినప్పుడు ఆ వ్యక్తి లేచి పక్కకు వెళ్ళాలి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

లంక ఊళ్ళ పిల్లలు రావడం లేదు

గోదావరి మధ్య లంకల నుంచి పంటు (రేవు దాటించే పడవ) మీద రావలసిన పిల్లవాడికి సాయంత్రం అయిదింటి సెలక్షన్ అంటే రాత్రి తిరిగి వెళ్ళే దారి లేదని అర్థం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక, బడి సెలవుల్లో, రెండు వేర్వేరు ఆదివారాలు పెట్టి, పంటు వేళను బట్టి ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు ముగించాలి. ఆ తరువాత ఉక్కకు పిల్లలు నిలవలేరు, మజ్జిగ బిందె దగ్గర పెట్టుకున్నా సరే. మన బంకమట్టి తడిస్తే జారుతుంది, ఎండితే రాయవుతుంది కాబట్టి ఇసుక పరిచిన కోర్టులోనే ఆడించాలి.

ఎంపిక కాని పిల్లలు మైదానం వైపే రావడం లేదు

మైకులో పేర్లు చదవడం, వాట్సాప్ గ్రూపులో జాబితా పడేయడం దీనికి కారణాలు. ఎంపిక కానివాళ్ళను విడివిడిగా పిలిచి, వాళ్ళ కాగితం చూపించి, బాగున్న ఒక సంగతి, సరిచేసుకోవలసిన ఒక సంగతి చెప్పాలి. ఉదయం ప్రాక్టీసు వాళ్ళకూ తెరిచి ఉంచాలి. ఆ మార్కుల కాగితాలు పారేయకూడదు. సార్వా (మొదటి పంట) కోతలైపోయి సంక్రాంతి పోటీలు దగ్గరపడ్డాక ఎవరికైనా మోకాలు బెణికితే, మొదట వెదకవలసింది వాటిలోనే.