'యూస్డ్ టు' దగ్గర జాగ్రత్త: ఇంగ్లండ్ వెళ్తున్న మన బరంపురం వైపు వాళ్ళకి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్తున్న పిల్లల కోసం, వాళ్ళని చూడడానికి వెళ్ళే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన మనకి కొత్త ఊళ్ళో నోరు విప్పడానికి భయం ఉండదు. కానీ 'యూస్డ్ టు' దగ్గర మాత్రం చాలామందిమి తప్పుతాం.

మా నాన్నగారు నా దగ్గరకి వచ్చినప్పుడు డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళాను. ఏం మందులు వాడుతున్నారని నర్సు అడిగితే, "ఐ యూస్డ్ టు టేక్ బీపీ టాబ్లెట్స్" అన్నారు. రోజూ వేసుకుంటున్నానని ఆయన ఉద్దేశం. ఇదివరకు వేసుకునేవారు, ఇప్పుడు మానేశారు అని ఆవిడ రాసుకుంది. ఆవిడ తప్పేమీ లేదు, ఆ మాటకి అర్థమే అది. పక్కన నేను ఉండబట్టి సరిపోయింది.

తెలుగులో మనం ఈ పొరపాటు చెయ్యం. ఇప్పటికీ మాత్ర వేసుకునేవాళ్ళెవరూ "వేసుకునేవాణ్ణి" అనరు కదా. అదే గుర్తు పెట్టుకోండి. మనసులో ముందు తెలుగులో అనుకోండి. "ఉండేవాణ్ణి, వెళ్ళేదాన్ని" అని వస్తేనే యూస్డ్ టు. "ఐ యూస్డ్ టు లివ్ ఇన్ బరంపురం" అంటే ఇప్పుడు అక్కడ లేరని. ఇప్పటికీ చేస్తున్న పనికి "ఐ టేక్", "ఐ గో" చాలు. మామూలుగా అని చెప్పాలంటే 'యూజువల్లీ' కలపండి.

ముందు 'ఐ యామ్' చేరితే అర్థమే మారిపోతుంది. "ఐ యామ్ యూస్డ్ టు ద హీట్" అంటే ఎండ నాకు అలవాటే అని. గోపాల్‌పూర్ ఉక్కపోతలో పెరిగిన వాళ్ళు ధైర్యంగా అనొచ్చు. దాని తర్వాత పని పేరు వస్తే చివర 'ఇంగ్' ఉండాలి: "ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ నైట్స్." ఇక్కడ 'వర్క్' అంటే తప్పు.

మొదటి చలికాలంలో అందరూ అడిగే ప్రశ్న, "ఆర్ యూ గెటింగ్ యూస్డ్ టు ద కోల్డ్?" అలవాటు పడుతున్నారా అని. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం 4 కాకముందే పొద్దు గూకుతుంది, కాబట్టి ఆ ప్రశ్న ప్రేమగానే అడుగుతారు. "ఐ యామ్ గెటింగ్ యూస్డ్ టు ఇట్" అనండి, మాట కలుస్తుంది.

పలకడం కూడా చూసుకోండి. వాళ్ళ నోట ఇది 'యూస్టు' అని వినిపిస్తుంది. కత్తి వాడాను అన్నప్పుడు మాత్రం 'యూజ్డ్'.

అమ్మానాన్నలు విమానం ఎక్కే ముందు మందుల చీటీ చేతిసంచిలో పెట్టండి. "ఐ టేక్ దిస్ ఎవ్రీ డే" అని నాలుగుసార్లు వాళ్ళ చేత అనిపించండి.