సెకండ్ హ్యాండ్ రౌండ్ కాలమ్ మిల్లింగ్ మెషిన్: ఎలా కొనాలి, ఇంట్లో ఎలా వాడాలి?

తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్లలో, మోటార్, కట్టర్ ఉండే హెడ్‌ను గుండ్రటి స్తంభం (కాలమ్) మోసేది రౌండ్ కాలమ్ మిల్లు. దీనికి ఉన్న పెద్ద లోపం ఒక్కటే. హెడ్‌ను పైకో కిందికో జరిపితే గుండ్రటి కాలమ్ చుట్టూ కాస్త పక్కకు తిరుగుతుంది, పట్టిన సెంటర్ (చెక్కాల్సిన ముక్క మీద టూల్‌కు కుదిర్చిన చోటు) పోతుంది. హెడ్ పక్కకు తిరగకుండా గాడిలో జారే డవ్‌టెయిల్ మిల్లు కంటే చవగ్గా దొరకడానికి ఇదే ముఖ్య కారణం. దీన్ని ముందే లెక్కలో పెట్టుకునే వాళ్లకు ఇంట్లోకి ఇంతకంటే మంచి బేరం లేదని నా నమ్మకం.

హైదరాబాద్‌లోనైతే బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో వాకబు చేయండి. రాణిగంజ్ టూల్స్ దుకాణాల్లోనూ చెప్పి ఉంచండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు లివర్ డయల్ (సన్నటి తేడాను కూడా ముల్లుతో చూపే కొలత పరికరం), దాన్ని నిలబెట్టే మాగ్నెటిక్ స్టాండ్ వెంట ఉండాలి. కొత్త పెయింట్‌ను పట్టించుకోవద్దు.

ముందు స్పిండిల్ (టూల్‌ను తిప్పే ఇరుసు) లోపలి టేపర్‌ను, అంటే సన్నబడుతూ పోయే రంధ్రాన్ని, గుడ్డతో తుడిచి, డయల్ ఆనించి చేత్తో తిప్పండి. ముల్లు 0.02 మిల్లీమీటర్లకు మించి ఊగితే బేరింగులోనో, టేపర్‌లోనో తేడా ఉన్నట్టే. తర్వాత క్విల్‌ను (స్పిండిల్‌తో పాటు హెడ్‌లోంచి కిందికి దిగే గొట్టాన్ని) సగం దించి పక్కలకు ఊపండి. టకటకమంటే వదిలేయండి. టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడపండి. మధ్యలో వదులుగా, చివర్లలో బిగుతుగా ఉంటే బాగా అరిగిపోయిన మెషిన్ అది. టేబుల్ మీద ఒకటి రెండు డ్రిల్ గాట్లుంటే ఫర్వాలేదు.

మోటార్ త్రీ ఫేజ్‌దైతే టెన్షన్ పడకండి, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) మోటార్ వోల్టేజీకి సరిపోయేది పెడితే నడుస్తుంది. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఈ మెషిన్లు చాలావరకు 250 నుంచి 300 కిలోలు ఉంటాయి, బరువంతా పైనే. హెడ్ కిందికి దించి, క్లాంప్ బోల్టులు బిగించాకే చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) తగిలించండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో, గచ్చుకు బోల్టులతో బిగించాలి.

ఇక అసలు కిటుకు: సెంటర్ పట్టాక హెడ్ ముట్టుకోకుండా పని పూర్తి చేయడం. చక్‌లో (దవడలతో డ్రిల్లును పట్టేది) పట్టిన మామూలు 10 ఎంఎం డ్రిల్లు, కొల్లెట్‌లోని (టూల్‌ను చుట్టూ బిగించే పొట్టి తొడుగు) ఎండ్ మిల్ (పక్కలతోనూ చెక్కే కట్టర్) కంటే చాలా కిందికి వేలాడుతుంది. ఆ తేడా క్విల్ ప్రయాణాన్నంతా మింగేస్తుంది. అందుకే పొట్టి డ్రిల్లు తీసుకుని, దాన్నీ కొల్లెట్‌లోనే పట్టండి. పొడవైన టూల్ జాబ్‌కు (చెక్కే ముక్కకు) కాస్త పైన నిలిచేలా హెడ్ ఎత్తు పెట్టుకుని, అప్పుడు సెంటర్ పట్టండి. ఎండ్ మిల్ నడిపేటప్పుడు క్విల్ ఎంత పైన ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది, లాక్ చేయడం మరవద్దు. డ్రిల్ చక్‌లో ఎండ్ మిల్ ఎప్పుడూ పట్టకండి, జారి బయటికి వస్తుంది.

మైల్డ్ స్టీల్‌కు 12 ఎంఎం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టరైతే సుమారు 650 ఆర్‌పీఎం, ఒక్కో పాస్‌కు అర మిల్లీమీటరుతో మొదలుపెట్టండి. కట్టర్ తిరిగే దిశకు ఎదురుగానే ఫీడ్ ఇవ్వాలి. అదే దిశలో ఇస్తే స్క్రూలో ఉన్న లూజు వల్ల టేబుల్‌ను ఒక్కసారిగా లాగేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి, గ్లవ్స్ వద్దు, చిప్స్ బ్రష్‌తోనే తీయండి.

తప్పనిసరై హెడ్ జరపాల్సి వస్తే, ముందే హెడ్‌కు లైన్ లేజర్ బిగించి, ఎదుటి గోడ మీద గుండుదారంతో నిలువు గీత గీసుకోండి. హెడ్ జరిపాక వెలుగు ఆ గీత మీదికి వచ్చేలా తిప్పి బిగిస్తే సెంటర్ దగ్గరికి వస్తుంది. మిగిలిన కొద్దిపాటి తేడాను, జాబ్ అంచు ఎక్కడుందో పట్టిచ్చే ఎడ్జ్ ఫైండర్‌తోనో, అంతకుముందు వేసిన రంధ్రంలో డయల్ తిప్పో సరిచేసుకోండి.